ఫ్రీ కదా అని ఐదు కోర్సులకి ఎన్‌రోల్ అయిపోకండి బాబూ

మా వైజాగ్ ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్ల ఫీజులు కనుక్కుని గుండె జారిపోయిన రోజు రాత్రే, కేంద్ర ప్రభుత్వం ఫ్రీ ఆన్‌లైన్ కోర్సులు పెట్టే స్వయం సైట్ ఓపెన్ చేశాను, ఐఐటీ సార్ల క్లాసులు పైసా లేకుండా దొరుకుతుంటే ఆగుతామా, ఒకేసారి ఐదింటికి ఎన్‌రోల్ కొట్టేశా, మూడో వారానికి ఒక్కటీ మిగల్లేదు.

ఇది నా ఒక్కడి బద్ధకం కాదులెండి. 2012లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు సర్క్యూట్స్ కోర్సు ఆన్‌లైన్‌లో ఫ్రీగా పెడితే 1,55,000 మంది దాకా చేరారు, పాసైంది ఏడు వేల చిల్లర. రాకపోతే అడిగేవాడు ఉండడు, డౌట్ వస్తే పక్కన ఫ్రెండ్ ఉండడు, జేబులోంచి ఏమీ పోలేదు కాబట్టి బాధా ఉండదు.

అందుకే ముందు ఒక్కటే తీసుకోండి. స్వయంలో ఐఐటీల వాళ్లు నడిపే ఎన్‌పీటెల్‌లో 4, 8, 12 వారాల కోర్సులుంటాయి, మొదటిసారైతే పన్నెండు జోలికి పోవద్దు. చేరేముందు ఆ సార్ పాత వీడియోలు యూట్యూబ్‌లో రెండు చూడండి, ఆ ఇంగ్లీష్, ఆ లెక్కలు మనకి ఎక్కుతాయో లేదో అరగంటలో తెలిసిపోద్ది. కొన్నింటికి తెలుగు అనువాదం కూడా ఉంది, వెతుక్కోండి. బీటెక్ వాళ్లు క్రెడిట్స్ కోసం చేస్తుంటే హెచ్‌ఓడీని ముందే అడగండి, అంతా అయ్యాక అడిగితే మా లిస్టులో లేదంటారు.

అసలు కథంతా మార్కుల్లో ఉంది. అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75. పాసవ్వాలంటే ఇందులో 10, అందులో 30 విడివిడిగా రావాలి. ఎనిమిది వారాల కోర్సులో బెస్ట్ ఆరు అసైన్‌మెంట్లే లెక్కేస్తారు, అంటే రెండు వారాలు జ్వరమో పెళ్లో వచ్చినా పర్లేదు. టెలిగ్రామ్ గ్రూపుల్లో ఆన్సర్లు తిరుగుతుంటాయి, అవి చూసి దించేస్తే పాతికకి పాతిక వస్తాయి గానీ పరీక్ష సెంటర్‌కెళ్లి రాయాలి కదా, అక్కడ తెల్లమొహమే.

పరీక్ష ఫీజు వెయ్యి రూపాయలు, కట్టకపోయినా క్లాసులు వినొచ్చు. నామట్టుకు నేను కట్టేయమనే చెప్తా, ఆ వెయ్యి పోతుందన్న భయమే నన్ను ఆదివారాలు పబ్లిక్ లైబ్రరీలో కూర్చోబెట్టింది. ఒక ఫ్రెండ్‌ని కూడా లాక్కెళ్లండి, ఇంట్లో మాత్రం అవ్వదు. వీడియోలు రాత్రే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, ఎండాకాలం కరెంటు సంగతి తెలిసిందేగా. ఫారంలో సిటీ విశాఖపట్నం అని పెట్టినా సెంటర్ ఊరి చివర పడొచ్చు, గాజువాక వైపు నుంచి వచ్చేవాళ్లు గంట ముందే బయల్దేరండి.

రెండోసారి అలా ఒక్కటే తీసుకుని రాస్తే నాకు 58 వచ్చింది. అరవై వస్తే సర్టిఫికెట్ మీద ఎలైట్ అని వేస్తారు, రెండే రెండు మార్కులు, బీచ్‌కెళ్లి ఎగ్గొట్టిన మూడు అసైన్‌మెంట్ల పుణ్యం అది.