జిప్సీ స్టీరింగ్ వణుకు ఎలా పోయిందంటే

నా పాత జిప్సీకి పెద్ద టైర్లు వేయించాక, 60 దాటి బ్రిడ్జి జాయింటు ఎక్కితే చాలు, స్టీరింగ్ చేతుల్లో గిలగిలా కొట్టుకునేది. బండి దాదాపు ఆపితే గానీ తగ్గేది కాదు.

వీల్ బ్యాలెన్సింగ్ చేయించాను. కొత్త స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపుల్ని అణిచే షాక్ అబ్జార్బర్ లాంటిది) వేస్తే నెల రోజులు తగ్గినట్టు కనిపించింది, అంతే. డబ్బు దండగ.

చివరికి ముందు చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాను. టక్ టక్! వీల్ బేరింగేమో అనుకుని తమ్ముణ్ణి బ్రేకు తొక్కి పట్టుకోమన్నాను. లూజు వీల్ బేరింగ్‌దైతే బ్రేకు పట్టగానే పోవాలి. కానీ పోలేదు. అంటే కింగ్‌పిన్ బేరింగే, అదే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం పక్కకు తిరిగే ఇరుసు దగ్గరుండే బేరింగ్. విప్పి చూస్తే బేరింగ్ బయటి రింగులో రోలర్ల అచ్చులు గోరుకు తగిలాయి. రెండు వైపులా కొత్తవి వేసి, బిగువు పెరగడానికి ఒక్కో పల్చటి షిమ్ (సందు సరిచేసే రేకు) తీసేశాను. ఇప్పుడు స్టీరింగ్ నకిల్ (చక్రాన్ని మోస్తూ పక్కలకు తిరిగే భాగం) కాస్త బిగువుగా తిరుగుతోంది.

అదే బ్రిడ్జి మీద 80లో వెళ్లొచ్చాం. తమ్ముడు మాత్రం డ్యాష్‌బోర్డు వదల్లేదు.