పాత మోటారుతోనే కాలువ నీళ్ల కరెంటు

కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) పక్కనుండేవాళ్లు ఇరిగేషనోళ్ల పర్మిషన్ తీసుకున్నాకే నీళ్లు కొలవండి, సెకనుకు 50 లీటర్లు 2 మీటర్ల ఎత్తు నుంచి పడితే లెక్కకు 980 వాట్లు, చేతికొచ్చేది సుమారు సగమే. ప్లేటు మీద 1440 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) ఉండే త్రీఫేజ్ ఇండక్షన్ మోటారు చాలు, టెర్మినళ్లకు రన్ కెపాసిటర్లు, అంటే మోటారు తిరిగినంతసేపూ లైన్లో ఉండేవి, కట్టి (స్టార్టింగువి వద్దు, కాలిపోతాయి) టర్బైన్ బెల్టుతో 1500 దాటించి 1550 దగ్గర తిప్పితే మోటారే జనరేటరై వోల్టేజ్ మెల్లగా లేస్తాది, అంతవరకు లోడ్ వేయొద్దు. లేవకపోతే ఆపేసి, కెపాసిటర్లు విప్పి, 12 వోల్టుల బ్యాటరీ మోటారు టెర్మినళ్లకు కాసేపు తాకించండి, మోటారు ఇనుములో పోయిన అయస్కాంతం తిరిగొస్తాది. అసలు ప్రమాదమేందంటే లోడ్ ఒక్కసారిగా పోతే స్పీడూ వోల్టేజూ రెండూ ఎగిరిపోతాయి, అందుకే మిగిలిన కరెంటు హీటరుకు మళ్లించే లోడ్ కంట్రోలర్ తప్పనిసరి. ఊరి కరెంటు లైనుకు మాత్రం అస్సలు కలపొద్దు, పోలెక్కిన లైన్‌మ్యాన్ ప్రాణం పోతాది.