ఒకే కథ రెండుసార్లు కొనకుండా ఉండాలంటే

పాత బ్రిటిష్ సూపర్ హీరో కామిక్స్ రీప్రింట్లు సేకరించేవాళ్లకు ఒక చిరాకు ఉంది, పేరు మారిన పుస్తకంలో మన దగ్గరున్న కథే మళ్లీ రావడం. ఉదాహరణకు ది స్పైడర్ అనే పాత్ర కామిక్. 2005లో టైటాన్ అనే ప్రచురణ సంస్థ వేసిన ‘కింగ్ ఆఫ్ క్రూక్స్’, తర్వాత రెబెలియన్ అనే మరో సంస్థ వేసిన ‘సిండికేట్ ఆఫ్ క్రైమ్’, రెండూ మొదలయ్యేది 1965 జూన్ 26 లయన్ వారపత్రికలో వచ్చిన మొదటి కథతోనే.

అందుకే పేరు, అట్ట పక్కన పెట్టి తేదీలు చూడండి. ఫోన్‌లో ఒక నోట్ తెరిచి మీ దగ్గరున్న ప్రతి పుస్తకానికి ఒక్క లైను రాసుకోండి: హీరో, వారపత్రిక, మొదటి సంచిక తేదీ, చివరి సంచిక తేదీ. ఇవి ఎక్కువగా కాపీరైట్ పేజీలోనో విషయసూచికలోనో ఉంటాయి. కొత్తది కనపడితే అమ్మేవాళ్లను ఆ ఒక్క పేజీ ఫొటో పంపమని అడిగి, మీ లైనుతో పోల్చుకుని అప్పుడు డబ్బు కట్టండి, ఎందుకంటే లండన్ నుంచి తెప్పిస్తే పోస్టేజీ కూడా తక్కువేం కాదు. ది స్టీల్ క్లా అనే మరో కామిక్ విషయంలోనూ అంతే, అది 1962 అక్టోబర్ 6న వేలియంట్ వారపత్రికలో మొదలైంది.

యాన్యువల్స్ (ఏడాదికోసారి వచ్చే పుస్తకాలు), సమ్మర్ స్పెషల్స్ (వేసవి ప్రత్యేక సంచికలు) నుంచి తీసుకున్న కథలకు మాత్రం ఇది పనిచేయదు, వాటికి వారం తేదీ ఉండదు కాబట్టి. అలాంటప్పుడు మొదటి పేజీ ఫొటో అడిగి మొదటి మూడు బొమ్మలు పోల్చి చూడండి.