వెనిస్‌లో ఇల్లు అద్దెకు తీసుకునే ముందు

- గ్రౌండ్ ఫ్లోర్ అయితే తొందరపడి అడ్వాన్స్ ఇవ్వకండి. 2019 నవంబర్ 12న పోటు మట్టం (వీధిలో నీటి లోతు కాదు) 187 సెంటీమీటర్లకు చేరింది, అంతకుముందు 1966లో 194. సముద్రాన్ని ఆపే ‘మోసే’ (MOSE) అనే గేట్లు 2020 అక్టోబర్ నుంచి పనిచేస్తున్నాయి నిజమే, కానీ పోటు బాగా ఎత్తుగా వస్తుందన్న అంచనా ఉంటేనే వాటిని లేపుతారు, సెయింట్ మార్క్స్ స్క్వేర్ లాంటి పల్లపు చోట్లకు అంతకంటే తక్కువ పోటుకే నీళ్లొస్తాయి. కాబట్టి ఆ వీధి ఎంత ఎత్తులో ఉందో, 2019లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పక్కింటివాళ్లనే అడగండి.

- గోడ అడుగు భాగాన్ని చేత్తో తడిమి చూడండి. తెల్లగా ఉప్పు పొంగి సున్నం రాలుతుంటే కొత్త రంగును నమ్మొద్దు.

- అడ్రస్ పూర్తిగా రాసుకోండి. ఇక్కడ నంబర్లు వీధిని బట్టి కాదు, పేటను బట్టి ఉంటాయి. మొత్తం ఆరు పేటలు. కన్నారెజో, కాస్తెల్లో లాంటి పేట పేరు లేకపోతే ఉత్త నంబర్‌తో ఇల్లు దొరకదు.

- సామాను తగ్గించుకోండి. కార్లు రావు, దాదాపు ప్రతి వంతెనకూ మెట్లే, పెద్ద బీరువా తేవాలంటే పడవ మాట్లాడుకోవాలి.

- మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు శరదృతువుకు ముందే కొనండి.

- సంతకం పెట్టే ముందు ఒక్క రోజైనా మ్యాప్ లేకుండా ఆ పేటంతా తిరగండి, ఊరు అలాగే అర్థమవుతుంది, దారి తప్పితే గోడల మీద రాసిన వీధి పేర్లు చూసుకుంటూ వెనక్కి రావచ్చు.