ఉప్పాడ చీర కొనేముందు ఒకసారి తిరగేసి చూడండి

పెళ్లిళ్ల సీజన్ వస్తే చాలు మావైపు అమలాపురం, కాకినాడ షాపుల్లో ఏ చీర పట్టుకున్నా "ప్యూర్ ఉప్పాడ జాందానీ అండి" అనేస్తారు, అంటే డిజైనంతా చేత్తో నేసిందని. పోయినేడు మా అత్తయ్యకి 14 వేలకి అలాగే ఒకటి అంటగట్టారు, ఇంటికొచ్చి తిరగేస్తే వెనకాల అంతా దారాలే.

అందుకని ముందు బుటా, అంటే చీర మీద నేసిన పువ్వు, వెనక్కి తిప్పండి. అసలు జాందానీలో బుటాకో దారం చుట్టిన చిన్న కండె ఉంటుంది, నేసేవాళ్లు దాన్ని పడుగు (నిలువు) పోగుల్లోంచి చేత్తో దూర్చి అక్కడికక్కడే వెనక్కి తిప్పేస్తారు, కాబట్టి ముందూ వెనకా దాదాపు ఒకేలా ఉంటుంది. మిషన్ బుటా అయితే దారం వెనకాల ఒకదాన్నుంచి ఇంకోదానికి వేలాడుతుంది, లేదా కత్తిరించేస్తారు, చెయ్యి రాస్తే గరగరలాడుద్ది.

షాపాయన "జాకార్డ్" అన్నాడని మాత్రం మిషన్ చీర అనేసుకోకండి. అది మగ్గం పైన ఉండే పెట్టె, బెజ్జాల అట్టల్ని బట్టి పోగులు లేపుతుంది అంతే, కింద నేసేది మనిషైనా కావచ్చు పవర్‌లూమైనా కావచ్చు. 1804లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జాకార్డ్ అనే ఆయన దీన్ని తెస్తే, అప్పటిదాకా డిజైన్ కోసం మగ్గం పక్కన దారాలు లాగే కుర్రాళ్ల పని పోయింది, నేతగాళ్లు మండిపడ్డారు. అంతకుముందు 1733లో ఇంగ్లండ్‌లో జాన్ కే, తాడు లాగితే పరిగెత్తే నాడె (అడ్డపోగుని అటూ ఇటూ మోసేది) చేసినప్పుడూ ఇదే గోల, వెడల్పు గుడ్డకి ఇద్దరు కావాల్సిన చోట ఒక్కడే చాలు మరి. తమాషా ఏంటంటే ఇప్పుడు మన చేనేత మగ్గాల్లో చాలావాటిల్లో టకటకలాడేది ఆ నాడే! నన్నడిగితే నేతగాడి కడుపు కొట్టేది మిషన్ కన్నా, మిషన్ గుడ్డకి ఉప్పాడ పేరు పెట్టి అమ్మేవాడు. 1985 చేనేత రిజర్వేషన్ చట్టంలో కొన్ని రకాల చీరలు చేనేతకే అని రాసున్నా ఆగట్లేదు.

పట్టో కాదో డౌటుంటే కొంగు చివర ఒక పోగు లాగి కాల్చండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన, నలిపితే పొడి. పాలిస్టరైతే కరిగి గట్టి ఉండ అవుద్ది. చేనేతా కాదా అన్నది దీంతో తేలదు, అది వేరే సంగతి.

చివర్లో బిల్లు మీద "చేనేత" అని రాయమనండి, నసిగితే చీర అక్కడే వదిలేసి వచ్చేయండి. మా అత్తయ్య అడగలేదు, ఇప్పుడు ఆ చీర కడితే పిన్నీసుకి దారాలు తగులుకుంటున్నాయని రోజూ తిట్టుకుంటోంది.