టీవీ, ఇంటర్నెట్, ఫోన్ బిల్లు పెరిగిందా? ఏడాది కిందటిది తీసి చూడండి

అటక మీద దుమ్ము పట్టిన పాత సెట్‌టాప్ బాక్సుకి నేను 14 నెలలు అద్దె కట్టాను. టీవీ మార్చినప్పుడే దానితో పని అయిపోయింది. తిరిగి ఇవ్వకపోయేసరికి బిల్లులో అద్దె పడుతూనే ఉంది. ఆటోపే పెట్టుకున్నాక బిల్లు తెరిచి చూస్తేగా!

ఇప్పుడు మెసేజ్‌లో వచ్చే మొత్తం చూసి ఊరుకోను. పూర్తి బిల్లు డౌన్‌లోడ్ చేసి, ఏడాది కిందటిదాని పక్కన పెట్టి ఒక్కో లైనూ చూస్తాను. పోయిన నెల బిల్లుతో పోలిస్తే కొద్దికొద్దిగా పెంచింది తెలియదు.

పన్నుల గురించి కంపెనీతో వాదించి లాభం లేదు, వదిలేయండి. కానీ వాటి పక్కనే పన్నుల్లా వినిపించే పేర్లుంటాయి: అడ్మినిస్ట్రేటివ్ ఫీజు, రికవరీ ఛార్జి. వీటిలో చాలావరకు ప్రభుత్వానికి పోయేవి కావు. కంపెనీ తన ఖర్చునే విడగొట్టి రాస్తుంది, ప్రకటనలో రేటు తక్కువగా కనబడాలి కదా. ప్లాన్ రేటు అలాగే ఉండి ఈ ఫీజు పెరిగినా మన జేబుకి ఒకటే. మోడెమ్ అద్దె, కాగితం బిల్లు ఛార్జి, ఫోన్ ఇన్సూరెన్స్, ఉచితమని మొదలై ఆగని చానళ్లు కూడా చూడండి.

బిల్లు ఒక్కసారిగా ఎగిరితే తరచూ ఆఫర్ గడువు అయిపోయినట్టే. గడువుకి నెల ముందే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

కాల్ చేసి "ఎందుకు పెంచారు" అని గొడవ పడితే నాకెప్పుడూ సారీలే వచ్చాయి. "కొత్తవాళ్లకి ఇదే ప్లాన్ ఎంతకిస్తున్నారు?" అని అడగండి. లాభం లేకపోతే, కనెక్షన్ తీసేస్తానని చెప్పండి. తగ్గించే అధికారం ఉన్నవాళ్లకి కాల్ కలుపుతారు చాలాసార్లు. ఆ మాట అనేముందు మధ్యలో మానేస్తే జరిమానా ఉందేమో ఒప్పందంలో చూసుకోండి. వాళ్లు తగ్గిస్తామంటే ఫీజులూ పన్నులూ కలిపి ఎంత, ఎన్ని నెలలు, కొత్త ఒప్పందం మొదలవుతుందా అని అడగండి. నేనైతే చాట్‌లోనే అడుగుతాను, వాళ్ల మాట రాతలో ఉంటుంది.

బాక్సు ఇచ్చేసి రసీదు ఫొటో తీసుకున్నాను. 3 నెలల అద్దె వెనక్కి వచ్చింది. మిగతా 11 నెలలదీ అడుగుతూనే ఉన్నాను.