క్రూజ్ ఎక్కే ముందు బార్సిలోనాలో ఒక రాత్రి

శంషాబాద్ నుంచి బార్సిలోనాకు నేరుగా విమానం లేదు. దుబాయ్, దోహా మీదుగానో, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో వెళ్లాలి. ఓడ బయల్దేరే రోజు పొద్దున్నే దిగేలా టికెట్ కొంటే, మధ్యలో విమానం తప్పినా, లేటైనా అంతే సంగతులు. ఓడ ఎవరి కోసమూ ఆగదు. కాబట్టి కనీసం ఒక రోజు ముందే ఊళ్లో ఉండాలి. ఆ రోజు ముందుగా ఓడ తప్పిపోకుండా చూసుకోవడానికి, ఊరు చూడటం ఆ తర్వాతి సంగతి. ప్లాన్ కూడా ఆ వరసలోనే వేసుకోండి.

యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకటే ఇచ్చే షెంగెన్ వీసాతో మొదలుపెడదాం. క్రూజ్ స్పెయిన్‌లో మొదలవుతోందని స్పెయిన్‌కే అప్లై చేయడం సరికాకపోవచ్చు. ఓడలో గడిపే రోజులతో కలిపి ఏ దేశంలో ఎక్కువ రోజులుంటారో ఆ దేశానికి ఇవ్వాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. జెనోవా, నేపుల్స్, పలెర్మో మూడూ ఉన్న రూటైతే ఇటలీ లెక్కే పెరిగే అవకాశం ఉంది. రెండోది, ఎంట్రీల సంఖ్య. ఓడ మధ్యలో ట్యునీషియాకో టర్కీకో వెళ్లి తిరిగి యూరప్ రేవుకు వస్తుంటే సింగిల్ ఎంట్రీ చాలదు, మల్టిపుల్ అడగాలి. ఏ తేదీన ఏ రేవో రాసి ఉన్న క్రూజ్ కాగితాన్ని ఫైల్లో పైనే పెట్టండి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. అప్లికేషన్ 6 నెలల ముందు నుంచే తీసుకుంటారు. 15 రోజుల ముందు వరకు ఇవ్వొచ్చని రూల్ చెబుతుంది గానీ, వేసవి సెలవుల ప్రయాణానికి ఆ ధీమా పనికిరాదు.

ఇమిగ్రేషన్ ఎక్కడ జరుగుతుందో టికెట్ కొనేటప్పుడే చూసుకోవాలి. గల్ఫ్ మీదుగా వస్తే బార్సిలోనాలో, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వస్తే ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే. 2025 అక్టోబర్ 12 నుంచి మొదలైన కొత్త పద్ధతిలో ఫోటో, వేలిముద్రలు తీసుకుంటున్నారు. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇంకొంచెం సమయం పడుతుంది. అందుకని జర్మనీలో మారే విమానానికి మూడు గంటల తేడా ఉంచుకోండి.

సామానులో ఇంకో చిక్కు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడం యూరప్‌లో నిషిద్ధం. నెయ్యి డబ్బా, కోవా స్వీట్లు ఇంట్లోనే వదిలేయండి. పచ్చి కరివేపాకు కూడా వద్దు. సీల్ వేసిన ఆవకాయ, పొడులు చెక్-ఇన్ బ్యాగులో వేసుకోవచ్చు.

బ్యాగు రాకపోతే ఎయిర్‌పోర్ట్ దాటక ముందే అక్కడి కౌంటర్లో ఫిర్యాదు రాయించి నంబర్ తీసుకోండి. హోటల్ అడ్రసుతో పాటు ఓడ పేరు, క్యాబిన్ నంబర్, తర్వాతి రేవులు, తేదీలు కూడా ఇవ్వాలి. లేకపోతే మీరు సముద్రంలో ఉండగా బ్యాగు హోటల్‌కు చేరి కూర్చుంటుంది.

ఊళ్లోకి ఎయిరోబస్ సులువు. మొదటి టెర్మినల్ నుంచి ఏ1, రెండో దాని నుంచి ఏ2, ఊరి నడిబొడ్డు కూడలి ప్లాసా కాటలున్యా దాకా 35 నిమిషాలు. మెట్రోకు 10 ట్రిప్పుల టీ-కాజువల్ కార్డు ఒక్కరికే పనిచేస్తుంది. ఇంటిల్లిపాదీ ఉంటే 8 ట్రిప్పుల టీ-ఫామిలియార్ తీసుకోండి, దాన్ని పంచుకోవచ్చు. ఈ రెండూ ఎయిర్‌పోర్ట్ మెట్రో స్టేషన్లలో చెల్లవు.

హోటల్ ప్లాసా కాటలున్యా దగ్గరో, పారాలెల్ మెట్రో దగ్గరో చూసుకోండి. రేవు అక్కడికి దగ్గర. ఎయిర్‌పోర్ట్ పక్కన చవగ్గా దొరుకుతుందని తీసుకుంటే సాయంత్రమంతా రాకపోకలకే సరిపోతుంది.

దిగిన సాయంత్రానికి ఫలానా టైముకే పనికొచ్చే టికెట్లేవీ కొనొద్దు, విమానం లేటైతే డబ్బు పోతుంది. పాత ఊరైన గోతిక్ క్వార్టర్ సందుల్లో తిరిగి, రాంబ్లా అనే వీధి మీదుగా కొలంబస్ స్తంభం దాకా నడవండి. రాంబ్లా మొత్తం 1.2 కిలోమీటర్లే. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటాక గానీ పొద్దుగుంకదు. ఆ దారి జేబుదొంగలకు పెట్టింది పేరు. మీ చొక్కా మీద ఏదో పడిందని చూపించి తుడవడానికి వచ్చేవాడు ఒంటరిగా రాడు. మీరు చొక్కా చూసుకునేలోపు రెండోవాడు బ్యాగు జిప్ తీస్తాడు. పాస్‌పోర్ట్ లేకపోతే ఓడ ఎక్కనివ్వరు, అది బట్టల లోపలి పౌచ్‌లోనే ఉండాలి.

రాత్రి భోజనాలు హోటళ్లలో ఎనిమిది, ఎనిమిదిన్నరకు గానీ మొదలవవు. శాకాహారులు ఉత్త 'సిన్ కార్నే' (మాంసం వద్దు) అని ఊరుకుంటే ట్యూనా చేప, పంది మాంసం ముక్కలు వచ్చేస్తాయి. 'సిన్ హమోన్, సిన్ పెస్కాదో' (పంది మాంసం వద్దు, చేప వద్దు) అని కూడా చెప్పాలి. టమాటా రుద్ది ఆలివ్ నూనె, ఉప్పు వేసిన రొట్టె ఎక్కడైనా దొరుకుతుంది. ఎస్కాలివాదా అడిగితే వంకాయ, క్యాప్సికమ్ కాల్చి తొక్క తీసి చీలికలుగా పెడతారు. మన కాల్చిన వంకాయ పచ్చడిలో మిర్చి, పోపు మర్చిపోయినట్టుంటుంది. పైన ఆంచోవీ చేపలు వేయడం అక్కడ మామూలే, వద్దని ముందే చెప్పండి.

మర్నాడు చూడాల్సింది ఒక్కటే, సగ్రాదా ఫామిలియా. పార్క్ గుయెల్ కూడా ఇరికించాలని చూస్తే రెండూ సరిగ్గా చూడలేరు. 1882లో మొదలైన ఈ చర్చిని మరుసటి ఏడాది ఆర్కిటెక్ట్ గౌడీ చేపట్టాడు. 1926లో ట్రామ్ ఢీకొని పోయేదాకా దాని పనిలోనే ఉన్నాడు. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి, ఉదయం తొమ్మిదింటి స్లాట్ తీసుకోండి. ఆదివారం మాత్రం ఆలస్యంగా తెరుస్తారు. పొద్దున్నే వెళ్లడానికి ఇంకో కారణమూ ఉంది. తూర్పు వైపు అద్దాలు నీలం, ఆకుపచ్చ, పడమటివి ఎరుపు, నారింజ. ఉదయపు ఎండకు తూర్పు స్తంభాల మీద నీలాలు పారుతుంటాయి. భుజాలు కప్పే బట్టలు వేసుకోండి. గంటన్నర చాలు.

అక్కడి నుంచి హోటల్‌కు వచ్చి బ్యాగులు తీసుకుని రేవుకు. చాలా ఓడలు మోల్ అదోసాట్ అనే రేవుకట్ట దగ్గర ఆగుతాయి. అక్కడ టెర్మినళ్లు చాలా ఉన్నాయి, మీది ఏ అక్షరమో బోర్డింగ్ పాస్‌లో చూసి డ్రైవర్‌కు చెప్పండి. సామాను ఎక్కువుంటే నలుపు, పసుపు టాక్సీయే నయం. తక్కువుంటే కొలంబస్ స్తంభం దగ్గర నీలం పోర్ట్ బస్సు ఎక్కండి. పటంలో దగ్గరగా కనిపించినా వంతెన మీదుగా సూట్‌కేసులు లాక్కుంటూ నడవొద్దు.

టెర్మినల్ బయట ఇచ్చిన పెట్టెలు క్యాబిన్‌కు చేరేసరికి సాయంత్రం కావచ్చు. క్రూజ్ వాళ్ల సామాను ట్యాగులు ప్రింట్ తీసి పెట్టె పిడికి స్టేపుల్ చేయండి. మందులు, పాస్‌పోర్ట్‌లు, ఛార్జర్, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉంచుకోండి. మన సన్నని రెండు పిన్నుల ఛార్జర్ అక్కడి ప్లగ్గుల్లో పడుతుంది, మూడు పిన్నులది పట్టదు. ఇస్త్రీపెట్టె, కెటిల్, రైస్ కుక్కర్ స్కానింగ్‌లో బయటపడితే తీసి పక్కన పెట్టేసి, క్రూజ్ అయిపోయాకే తిరిగిస్తారు.